నాన్న కథ చెబుతానంటున్నారు, ఇంట్లోవాళ్ళు మాట్లాడించొద్దంటున్నారు

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 74 ఏళ్ళు, ఊపిరితిత్తుల కేన్సర్. విశాఖలో కీమో ఇచ్చారు. ఇక దీనివల్ల ఒళ్ళు పాడవడమే తప్ప లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళి కనిపెట్టుకుని ఉండండి అన్నారు. తీసుకొచ్చేశాం.

ఆయన పగలు రైస్ మిల్లులో గుమస్తా, రాత్రి బుర్రకథలో హాస్య వంత. ఇప్పటి పిల్లలకి తెలియదేమో, బుర్రకథలో మధ్యన తంబురాతో కథకుడు, రెండు పక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు ఉంటారు. ఒక వంత రాజకీయం మాట్లాడతాడు, రెండో వంత నవ్విస్తాడు. మా నాన్న ఆ రెండో ఆయన. అటు కాశీనగర్, గుణుపురం, రాయగడ, ఇటు పాతపట్నం, టెక్కలి దాకా తిరిగారు. శివరాత్రికి ఆయన ఇంట్లో ఉండగా నేను చూడలేదు.

ఇప్పుడు రాత్రి పది దాటితే ఆయనకి మాట వస్తుంది. "కూర్చో, ఒకటి చెప్తాను" అని మొదలుపెడతారు. కాసేపటికే ఆయాసం. పెద్దక్క ఊరుకోదు. "మాట్లాడించకు, ఉన్న ఊపిరి కాస్తా పోతుంది" అని లైటు తీసేస్తుంది. మా బాబాయి పుణ్యమని గరుడ పురాణం తెచ్చి మంచం పక్కన కూర్చుని చదవడం మొదలెట్టారు. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఇలాంటి స్థితిలో కథలూ పాటలూ మనిషికి ఏమైనా సాయం చేస్తాయా? లేక అక్క చెప్పిందే నిజమా? డాక్టర్లు మందుల గురించి చెప్పారు గానీ ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు.

నైట్‌డ్యూటీ (బరంపురం)

తమ్ముడూ, నేను నర్సుని. కథ సంగతి తర్వాత చూద్దాం. రాత్రి పది దాటాకే ఎందుకు మాట వస్తోంది? నొప్పికి ఏం వాడుతున్నారు, ఏ టైముకి?

మహేంద్రతనయ

ట్రమడాల్ బిళ్ళ అక్కా. పొద్దున తొమ్మిదికి ఒకటి, రాత్రి తొమ్మిదికి ఒకటి.

నైట్‌డ్యూటీ

అదీ సంగతి. బిళ్ళ వేసిన గంటకి నొప్పి దిగుతోంది, అప్పుడు మనిషికి మాట వస్తోంది. మామూలు ట్రమడాల్ ఆరు గంటలకు మించి పనిచేయదు. అంటే మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఆయన పళ్ళు బిగబట్టుకుని పడుకుంటున్నారన్నమాట. నొప్పిలో ఉన్న మనిషికి కథ చెప్పకండి, చెప్పించకండి. ముందు విశాఖ డాక్టరుకి ఫోన్ చేసి, నొప్పి మధ్యలో తిరిగి వస్తోందని చెప్పండి. నోటితో వేసుకునే మార్ఫిన్ గురించి మీరే అడగండి. అడగకపోతే చాలామంది చెప్పరు. అది ఆయాసానికి కూడా తక్కువ మోతాదులో ఇస్తారు. మోతాదు డాక్టరు చెప్పాలి, నేను ఇక్కడ రాయను. ఒకటి మాత్రం ఇప్పుడే చేయొచ్చు. మంచం తలవైపు ఎత్తు చేయండి, చిన్న ఫ్యాను గాలి నేరుగా మొహానికి తగిలేలా పెట్టండి. ఆయాసం కొంత సర్దుకుంటుంది.

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (నయంకాని రోగుల్ని చివరిదాకా చూసుకునే చోటు) పెట్టిన సిసిలీ సాండర్స్ మొదట నర్సే. చివరి రోజుల్లో నొప్పి ఒంట్లో ఒక్కచోట ఉండదు, మనసుకీ ఇంటికీ నమ్మకాలకీ కూడా పాకుతుందని ఆవిడ చెప్పింది. కాబట్టి కథకి చోటుంది. కానీ ఒంటి నొప్పి తగ్గించకుండా మిగతావాటి జోలికి వెళ్తే అది రోగికి ఇంకో బాధ.

టీకొట్టు (జయపురం)

మార్ఫిన్ అడగమని తేలిగ్గా అనేశారు. మా చిన్నాన్న టైములో ఆ పేరెత్తితే మందుల షాపువాడు నన్ను దొంగను చూసినట్టు చూశాడు. ఒక ఆస్పత్రిలో అయితే "అలవాటైపోతుంది" అన్నారు. నెల కూడా బతకడని చెప్పిన మనిషికి అలవాటేమిటో నాకిప్పటికీ అర్థం కాదు. చివరికి నొప్పితోనే పోయాడు. ఇప్పుడు కథలు, కళలు అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. గవర్నమెంటు చేయాల్సింది చేయక, పాటలు పాడుకోండి అన్నట్టుంది.

నైట్‌డ్యూటీ

మీ కోపం న్యాయమే. మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించారు. గుర్తింపు పొందిన ఆస్పత్రి మార్ఫిన్ ఉంచుకోవడానికి ఇప్పుడు నాలుగైదు లైసెన్సులు అక్కర్లేదు. చట్టం మారినా భయం పోలేదు. ప్రపంచం మొత్తం మీద నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే ఇలాంటి సంరక్షణ అవసరమైనవాళ్ళలో దాదాపు 14 శాతం మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన జిల్లాల్లో ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

గుణుపురం మాస్టారు

బాబూ మహేంద్రతనయా, గరుడ పురాణం ముందు ఆపించు. మన ఇళ్ళలో అది మనిషి పోయాక, కర్మ రోజుల్లో చదివించుకునేది. కళ్ళు తెరిచి చూస్తున్న మనిషి పక్కన కూర్చుని యమలోకం దారి వర్ణిస్తే ఆయన గోడవైపు తిరగక ఏం చేస్తారు! మీ బాబాయికి నా మాటగా చెప్పు. రిటైరైన తెలుగు మాస్టారు చెప్పారంటే వింటారేమో.

ఆ మాటకొస్తే మన భాగవతం పుట్టిందే చావబోయే మనిషి కోసం. పరీక్షిత్తుకి ఏడు రోజుల్లో తక్షకుడి కాటు ఖాయం. మందు లేదు, మంత్రం లేదు. రాజు గంగ ఒడ్డున కూర్చుంటే శుకుడు వచ్చి చెప్పింది కథలే. అందులో ఏనుగు కథ ఉంది, వెన్నదొంగ కథ ఉంది, సముద్రం చిలికిన కథ ఉంది. నువ్వు చచ్చిపోతావు, భయపడు అని ఎక్కడా అనలేదు. పైగా పరీక్షిత్తు ఊరికే వినలేదు. ప్రతి ఘట్టంలో ఆపి, ఇదెలా, అదెందుకు అని అడుగుతూనే ఉన్నాడు. అడిగే ఓపిక ఉన్నంతసేపూ ఆయన రాజే.

మన చుట్టుపక్కల ఒడియా ఊళ్ళలో భాగవత టుంగి అని ఒక గుడిసె ఉండేది. జగన్నాథ దాసు రాసిన ఒడియా భాగవతం సాయంత్రం పూట అక్కడ చదివేవారు. మంచం పట్టినవాళ్ళ దగ్గరికి ఆ పుస్తకం తీసుకెళ్ళి చదవడం నా చిన్నప్పుడు చూశాను. తెలుగు ఇళ్ళలో అయితే గజేంద్ర మోక్షం. అది ఎందుకు పనిచేస్తుందో నాకొక అభిప్రాయం ఉంది. పద్యాలు చిన్నప్పుడే నోటికొచ్చి ఉంటాయి. చదివేవాడు తడబడితే పడుకున్నవాడు అందిస్తాడు.

మీ నాన్నగారి దళాన్ని గుణుపురంలో చూసే ఉంటాను. నౌపడ చిన్న రైలు ఆఖరి బండి దాటిపోతే కళాకారులు స్టేషన్లోనే పడుకునేవారు. ఆ రైలు పర్లాకిమిడి దాకా 1900లో, మా ఊరి దాకా 1931లో వచ్చింది. ఇప్పుడు బ్రాడ్ గేజ్ అయ్యాక ఎవరూ స్టేషన్లో పడుకోవడం లేదనుకోండి. సరే, దారి తప్పుతున్నాను.

రాయగడ పిల్ల (హైదరాబాద్)

నేను ఇక్కడ ఒక హాస్పిస్‌లో వాలంటీరుగా వెళ్తుంటాను. మహేంద్రతనయ గారి ప్రశ్న, ఇవన్నీ నిజంగా పనిచేస్తాయా అన్నది, నాకూ ఉండేది. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

కెనడాలో హార్వే చోచినోవ్ అనే సైకియాట్రిస్టు ఒక పద్ధతి పెట్టారు, డిగ్నిటీ థెరపీ అంటారు. రోగి దగ్గర కూర్చుని కొన్ని ప్రశ్నలు అడుగుతారు. మీ జీవితంలో మీరు బాగా బతికినట్టు అనిపించింది ఎప్పుడు, మీ గురించి మీవాళ్ళకి ఏం తెలియాలి, ఇంకా చెప్పకుండా మిగిలినవి ఏమున్నాయి, ఇలాంటివి. ఆ మాటలు రికార్డు చేసి, రాయించి, సరిదిద్ది, మళ్ళీ రోగికే చదివి వినిపిస్తారు. ఆయన తీసేయమన్నవి తీసేసి, చివరి ప్రతిని ఆయన చెప్పినవాళ్ళకి ఇస్తారు.

2005లో 100 మంది రోగుల మీద చేసిన అధ్యయనంలో 91 శాతం మంది తృప్తిగా ఉందన్నారు, 76 శాతం మంది తమ గౌరవం పెరిగినట్టు అనిపించిందన్నారు. అది ప్రచారంలో బాగా వినిపిస్తుంది. 2011లో మరింత గట్టిగా, రోగుల్ని మూడు గుంపులుగా విడదీసి పరీక్షించారు. ఆందోళన, దిగులు లాంటి కొలతల్లో గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే డిగ్నిటీ థెరపీ తీసుకున్నవాళ్ళు, ఇది మాకు పనికొచ్చింది, మావాళ్ళు మమ్మల్ని చూసే తీరు మారింది అని మిగతావాళ్ళకంటే ఎక్కువగా చెప్పారు. కాబట్టి ఇది దిగులుకి మందేమీ కాదు. రోగి అనే పేరు పడిన మనిషి కాసేపు మళ్ళీ తన పాత పేరుతో కూర్చోవడానికి ఒక వీలు, అంతే. నాకు అదే చాలా అనిపిస్తుంది.

మీ అక్కగారిని తప్పుపట్టకండి. రోజంతా ఒళ్ళు తుడిచి, గుడ్డలు మార్చేది ఆవిడే అయ్యుంటుంది. రాత్రి పదికి కథ మొదలైతే ఆవిడ నిద్ర సంగతి?

మహేంద్రతనయ

అవునండీ, అంతా అక్కే చేస్తుంది. నిద్ర సంగతి నేను ఆలోచించనేలేదు. బాబాయికి మాస్టారి మాట చెప్పాను, మొహం చిన్నబుచ్చుకున్నా పుస్తకం పట్టుకెళ్ళిపోయారు. డాక్టరుతో మాట్లాడాం, మందు మారుస్తామన్నారు.

పట్టుమగ్గం (బరంపురం)

అందరూ కథలంటున్నారు. మా పెద్దమ్మకి కథలంటే గిట్టేవి కావు. మేం దేవాంగులం, తాతల కాలం నుంచి బరంపురంలో పట్టు నేస్తున్నాం. ఆవిడ అరవయ్యేళ్ళు ఆసు పోసి, కండెలు చుట్టింది. ఆఖర్లో పక్షవాతంతో మాట పడిపోయింది. మా అబ్బాయి ఫోన్లో భజనలు పెడితే కుడిచేత్తో ఫోన్ తోసేసేది. విసుగ్గా ఉందేమో అనుకునేవాళ్ళం.

ఒకరోజు మా ఆవిడ పట్టు చిలప ఒకటి, అంటే పోగుల చుట్ట, తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. వేళ్ళతో పోగు వెతుక్కోవడం మొదలుపెట్టింది. తెగిన పోగు దొరికితే పట్టుకుని మాకు చూపించేది, ముడి వేయమని. సరిగ్గా వేయకపోతే కళ్ళెర్రజేసేది. అదే ఆవిడ పాట, కథ. ఠాకురాణి యాత్ర ఆ ఏడాది వచ్చింది. రెండేళ్ళకోసారి కదా, వేషాలు వేసుకున్న పిల్లల్ని గుమ్మం దాకా పిలిచి చూపించాం. వాటికంటే ఆ చిలప మీదే ధ్యాస.

కాబట్టి ఏ కళ అన్నది మనం తేల్చకూడదు. ఆ మనిషి చేతులకి ఏం అలవాటో చూడండి.

గోదారి గట్టు (సిరోంచ)

గడ్చిరోలి జిల్లా నుంచి రాస్తున్నా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాది. పట్టుమగ్గం గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, ఎందుకంటే మేం దానికి సరిగ్గా ఉల్టా చేసినం. మా నానమ్మకి మల్లన్న కథ ఇష్టమని మా కాక మంచిర్యాల వైపు నుంచి ఒగ్గు కథ వాళ్ళని పిలిపించిండు. వాకిట్లో డోళ్ళు, తాళాలు, సగం ఊరు. నానమ్మ కాసేపు విని, "పైసలిచ్చి పంపియ్యిండ్రి, నా తల పగులుతుంది" అన్నది. అందరం నవ్వినం, కాక తప్ప.

తర్వాత ఆమె మా చెల్లెకి చిన్నచిన్నవి చెప్పేది. ప్రాణహితల పడవ తిప్పలు, కాళేశ్వరం పోయొచ్చిన ముచ్చట్లు. చెల్లె ఫోన్ల రికార్డు చేసింది. బాధేందంటే మా పిల్లలకి ఆ తెలుగు సగమే అర్థమైతది. అయినా వింటరు. ఆమె దగ్గు కూడా అందుల ఉన్నది, తీసేద్దామంటే చెల్లె ఒప్పుకోలేదు.

మాకు పెద్ద దవాఖాన దూరం. మార్ఫిన్ ముచ్చట మేం వినలేదు కూడా. ఇక్కడ చదివి తెలిసింది.

టీకొట్టు (జయపురం)

రికార్డింగ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఈ రోజుల్లో మంచం మీది మనిషిని కూడా వీడియో తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. "చివరి బుర్రకథ కళాకారుడు" అని ఒక టైటిలు, కింద ఏడుపు మ్యూజిక్. మహేంద్రతనయ గారూ, అలా చేయకండి దయచేసి.

మహేంద్రతనయ

మా బావమరిది సరిగ్గా అదే అన్నాడండీ. నాన్నని అడిగితే, "నా పళ్ళసెట్టు ముందు పెట్టించు, తర్వాత చూద్దాం" అన్నారు. దాన్ని ఒప్పుకున్నట్టుగా తీసుకోవాలా?

రాయగడ పిల్ల

వద్దన్నట్టే తీసుకోండి. స్పష్టంగా, ఒకటికి రెండుసార్లు, మందు మత్తు లేనప్పుడు సరేనంటేనే సరే. ఇంట్లో దాచుకోవడానికి ఆడియో వేరు, పదిమందికీ చూపించడం వేరు. ఇంకొకటి, దళం కథలన్నాక వేరేవాళ్ళ గుట్లు కూడా బయటికొస్తాయి. ఎవరు ఎవరితో వెళ్ళిపోయారు, ఎవరు ఎవరి డబ్బు తిన్నారు. వాళ్ళ పిల్లలు మీ ఊళ్ళోనే ఉంటారు. అందుకే ఆయనకే మళ్ళీ వినిపించి, ఉంచాలా తీసేయాలా అని అడగడం ముఖ్యం. కొందరు చెప్పుకోవడమే ఇష్టపడరు. వాళ్ళని తవ్వకూడదు. మా దగ్గర ఒక పెద్దాయన నన్ను రోజూ పేకాటకే కూర్చోబెట్టేవారు, తన గురించి ఒక్క మాట చెప్పలేదు. నాకేమీ వెలితి అనిపించలేదు.

మహేంద్రతనయ

కొంచెం కబురు. మందు మార్చారు, నాలుగు గంటలకోసారి ఇస్తున్నాం. మలబద్ధకానికి కూడా మందు రాశారు. రెండు రోజులు మగతగా ఉన్నారు, అక్క భయపడింది, ఇప్పుడు తేరుకున్నారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక బాగుంటున్నారు. కథ వేళ అప్పటికి మార్చాం, అక్క కూడా వచ్చి కూర్చుంటోంది.

కానీ ఒక చిక్కు. రాయగడ పిల్ల గారు రాసిన ప్రశ్నల్లాంటివి అడిగి చూశాను. "నీ జీవితంలో గొప్ప రోజేది నాన్నా" అంటే, "ఏముంది, అందరిలాంటిదే" అన్నారు. బొబ్బిలి కథ చెప్పమంటే మొదటి చరణానికే ఆగిపోయారు. మర్చిపోయారేమో అనుకున్నాను. అక్క పక్కనుంచి ఊరికే, "తాండ్ర పాపారాయుడు అప్పుడు ఎక్కడున్నాడు నాన్నా?" అంది. వెంటనే, "రాజాంలో ఉన్నాడమ్మా, రైలు దొరకలేదు" అన్నారు! అక్క నవ్వింది. ఇంకో మాట అడిగింది. ఇంకో జోకు. ఆయాసం రాలేదు.

గుణుపురం మాస్టారు

ఓరి నాయనా, ఇంతసేపూ మనకి తట్టలేదు! ఆయన కథకుడు కాడు కదా, వంత. జన్మంతా ఇంకొకరి కథలో మాట విసిరినవాడు. ఆయన్ని కథ చెప్పమంటే ఎలా చెబుతాడు? కథ మీరు చెప్పాలి. ఆయన మధ్యలో అడ్డం పడాలి. "ఆహా", "అయితే ఏమైందండీ", ఒక పిట్ట మాట. అదే ఆయన విద్య. దానికి పెద్ద ఊపిరి కూడా అక్కర్లేదు.

నైట్‌డ్యూటీ

మాస్టారూ, ఇది మా వార్డులో కూడా చెబుతాను. మేం ఎప్పుడూ "మీ కథ చెప్పండి" అనే మొదలుపెడతాం.

రాయగడ పిల్ల

ఆ ప్రశ్నలు పశ్చిమ దేశాల మనిషిని దృష్టిలో పెట్టుకున్నవి. అక్కడ మనిషి తన గురించి తాను చెప్పుకోవడం మామూలు. మన పెద్దవాళ్ళని సూటిగా అడిగితే "అందరిలాంటిదే" అంటారు, పక్కదారిన వస్తే గంటలు మాట్లాడతారు. నేనూ ఇకనుంచి అలాగే అడుగుతాను.

టీకొట్టు (జయపురం)

నేను అడ్డంగా మాట్లాడుతున్నానని తెలుసు, అయినా ఒక ప్రశ్న. కొన్నాళ్ళకి ఆయన స్పృహలో ఉండరు. అప్పుడు కూడా మాట్లాడుతూ ఉండాలా? మా చిన్నాన్న దగ్గర ఆఖరి రెండు రోజులూ ఎవరం నోరు విప్పలేదు.

నైట్‌డ్యూటీ

అడ్డం కాదు, అందరూ అడగాల్సిందే. కెనడాలోని వాంకూవర్‌లో హాస్పిస్ రోగుల తలకి ఈఈజీ (మెదడులో విద్యుత్తు కదలికల్ని కొలిచే పరీక్ష) పెట్టి, శబ్దాలు వినిపించి చూశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. పలకరిస్తే పలకని స్థితిలో, ఆఖరి గంటల్లో ఉన్న కొందరి మెదడు కూడా శబ్దంలో మార్పుకి ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందించింది. చిన్న అధ్యయనం. విన్నది అర్థమైందో లేదో దాన్నిబట్టి చెప్పలేం. కానీ వినపడదులే అనుకుని మంచం పక్కనే పొలం పంపకాలు మాట్లాడకూడదని చెప్పడానికి నాకు ఇది చాలు. మీరు మౌనంగా కూర్చున్నా ఫరవాలేదండీ. పక్కన ఉన్నారు కదా.

పట్టుమగ్గం (బరంపురం)

పొలం పంపకాలు! మా వీధిలో జరిగింది. ఆ ముసలాయన లేచి కూర్చుని మరో ఏడాది బతికాడు. అదీ ఒక వైద్యమే అనుకోవాలి.

మహేంద్రతనయ

మాస్టారూ, మీ మాట నాన్నకి చదివి వినిపించాను. "ఆయనకి కథ వచ్చా?" అని అడిగారు. బొబ్బిలి కథ పుస్తకం ఇంట్లో ఉంది గానీ మేం చదివితే వార్తలు చదివినట్టుంది. మీరు ఒకసారి రాగలరా? రైలు దిగితే నేను స్కూటర్ తెస్తాను.

గుణుపురం మాస్టారు

వస్తాను బాబూ. శనివారం పొద్దున బండికి.

నైట్‌డ్యూటీ

మధ్యాహ్నం రెండింటికి వేసే మందు వేశాక ముప్పావుగంట ఆగి మొదలుపెట్టండి. అరగంట చాలు. ఆయన కళ్ళు మూసుకుంటే మాస్టారు ఆపేయాలి, పద్యం మధ్యలో ఉన్నా సరే.

టీకొట్టు (జయపురం)

గుమ్మెట కావాలా? మా ఇంట్లో ఒకటి ఊరికే పడి ఉంది, బస్సు డ్రైవరుకిచ్చి పంపగలను.

మహేంద్రతనయ

చాలా థాంక్సండీ. నాన్నది అటకమీద ఉంది, దించాం. వాయించలేరు, పక్కన పెట్టుకున్నారు. మాస్టారూ, ఇంకో సంగతి. మీకు తాళం తెలుసా అని కనుక్కోమన్నారు.

గుణుపురం మాస్టారు

తెలియదని చెప్పు. పాడటం కూడా రాదని చెప్పు. హాస్య వంతకి అంతకంటే మంచి కథకుడు దొరకడు.